మండపం మాదే, వంటవాళ్ళూ మావాళ్ళే!

మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే మా చెల్లెలు వీడియోలో పిలిచింది. అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర ఉంటుంది. మనకి ఆదివారం ఉదయం ఎనిమిదయితే వాళ్ళకి శనివారం సాయంత్రం ఏడున్నర. అక్కడి ఇండియన్ షాపులో పుల్లటి మామిడికాయలు దొరికాయిట. "అక్కా, ఈసారి ఆవకాయ నేనే పెడతాను, నువ్వు పక్కనుండి చెప్పు" అంది. సరేనని నేనూ కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"ముక్కలు నాలుగు గిన్నెలయితే ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పేమో..." అనేసరికి బొమ్మ ఆగిపోయింది! చెల్లెలు చేతిలో గరిటెతో, నోరు తెరుచుకుని, బొమ్మలకొలువులో బొమ్మలా నిలబడిపోయింది. నేనిక్కడ "ముప్పావు గిన్నె, ముప్పావు" అని అరుస్తూనే ఉన్నాను. మావారు పేపరు పక్కన పెట్టి, "ఎవరి మీద ఆ కేకలు?" అన్నారు.

మళ్ళీ లైను కలిసేసరికి అరగంట పట్టింది. ఈలోగా తను అరగిన్నె ఉప్పే వేసి కలిపేసిందిట. ఉప్పు చాలని ఆవకాయ ఎన్నాళ్ళు నిలవుంటుందో మీకు నేను చెప్పాలా? ఇంకో పావు గిన్నె కలిపించి ఊపిరి పీల్చుకున్నాను.

"ఏవిటే మీ నెట్టు? అమెరికా అంటే ఎంతో గొప్ప అనుకున్నాం" అన్నాను. అంతే, దాని కడుపులో ఉన్నదంతా బయటపడింది. కేబుల్ కంపెనీ వాళ్ళు మొదటి ఏడాది యాభై డాలర్లన్నారుట. ఏడాది తిరిగేసరికి ఎనభై దాటింది. ఫోన్ చేసి, "ఇలాగయితే మానేస్తాం" అందిట. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "అలాగేనండీ, ఏ తేదీ నుంచి ఆపమంటారు?" అందిట! వాళ్ళుండే ఇళ్ళ సముదాయంలోకి వేగంగా నెట్ తెచ్చే తీగ అదొక్కటే. మానేసి ఎక్కడికి పోతుంది?

అదే వారం కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉండే మా పిన్నిగారబ్బాయితో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. వాడు నవ్వి, "అక్కా, మా ఇంటికి వచ్చే తీగ కేబుల్ కంపెనీదే. కానీ నేను వాళ్ళకి పైసా కట్టను. నెట్ ఇంకో చిన్న కంపెనీ దగ్గర తీసుకున్నాను" అన్నాడు.

"అదెలారా? ఒకళ్ళ తీగలో ఇంకొకళ్ళ నెట్టా?"

"రూలు అలా ఉందక్కా. తీగ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళకి అద్దెకివ్వాలి."

నాకు ఆశ్చర్యం వేసింది. ఇద్దరిదీ ఒకే రకం తీగ, పక్కపక్క దేశాలు. ఒకచోట గుమ్మం మూసి ఉంది, ఒకచోట తెరిచి ఉంది. ఎందుకిలా? ఆ తర్వాత నాలుగు వారాలు మా అబ్బాయిని కూర్చోబెట్టుకుని చదివించుకున్నాను. తెలుసుకున్నదంతా ఈ వారం మీ ముందు పెడుతున్నాను. "మనకెందుకమ్మా ఈ తీగల గొడవ" అనకండి. నెలనెలా బిల్లు కట్టేది మనమే కదా!

ముందు ఒక పోలిక చెబుతాను. పెళ్ళికి కల్యాణ మండపం చూడబోతాం. కొన్ని మండపాలవాళ్ళు హాలు అద్దె తీసుకుని తాళాలిస్తారు. వంటవాళ్ళు మన ఇష్టం. కొన్నిచోట్ల మాత్రం, "మండపం మాదే, వంటవాళ్ళూ మావాళ్ళే, బయటివాళ్ళని రానివ్వం" అంటారు. ఊళ్ళో నాలుగైదు మండపాలుంటే ఫరవాలేదు, ఇంకోచోటికి పోతాం. ఊరంతటికీ అదొక్కటే ఉంటే? విస్తరికి ఎంతంటే అంత ఇచ్చుకోవాలి. పప్పులో ఉప్పు లేకపోయినా నోరు మూసుకోవాలి.

ఇంటికి వచ్చే తీగ మండపం లాంటిది. దాంట్లో వచ్చే నెట్ భోజనం లాంటిది. రెండూ ఒకటి కావు. ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అమెరికాలో తొలిరోజుల్లో నెట్ టెలిఫోన్ తీగ మీద వచ్చేది. కీచుమని అరిచే మోడెమ్ గుర్తుందా? మనకీ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టింది అలాంటిదే. అక్కడి చట్టం ప్రకారం టెలిఫోన్ కంపెనీ ఎవరు ఏ నంబరుకి చేసినా కలపాల్సిందే, ఫలానావాళ్ళకి కలపను అనడానికి లేదు. అందుకని వీధి చివర చిన్న గదిలో నాలుగు మోడెమ్‌లు పెట్టుకున్నవాడు కూడా నెట్ అమ్మగలిగాడు. అలాంటి చిన్న కంపెనీలు వేలకొద్దీ పుట్టాయి. ఒకడు బాగా చూడకపోతే జనం ఇంకొకడి దగ్గరికి పోయేవారు.

ఇంతలో టీవీ కేబుల్ కంపెనీలకి తెలిసొచ్చింది, తమ తీగలో బొమ్మలే కాదు, నెట్ కూడా పంపవచ్చని. అదీ టెలిఫోన్ కంటే ఎన్నోరెట్లు వేగంగా. కానీ కేబుల్ వాళ్ళకి ఆ టెలిఫోన్ రూలు లేదు. "మా తీగ, మా నెట్" అన్నారు. మండపం మాదే, వంటవాళ్ళూ మావాళ్ళే!

దీనికి మొదట అడ్డు నిలబడింది ఎవరనుకున్నారు? మా చెల్లెలుండే పోర్ట్‌లాండే! 1998లో ఏటీ అండ్ టీ అనే పెద్ద టెలిఫోన్ కంపెనీ, టీసీఐ అనే కేబుల్ కంపెనీని కొనడానికి సిద్ధమైంది. వీధుల్లో కేబుల్ నడపాలంటే నగరం అనుమతి ఉండాలి, అది చేతులు మారాలన్నా నగరం ఒప్పుకోవాలి. ఆ ఏడాది డిసెంబరులో పోర్ట్‌లాండ్ నగరం, అది ఉన్న మల్ట్‌నోమా కౌంటీ కలిసి ఒక షరతు పెట్టాయి: "కొనుక్కోండి, కానీ మీ తీగలోకి మిగతా నెట్ కంపెనీలనీ రానివ్వండి." కంపెనీ ఒప్పుకోలేదు, కోర్టుకెక్కింది. 1999 జూన్‌లో కింది కోర్టు నగరానిదే న్యాయమంది. 2000 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. ఇలాంటి షరతు పెట్టే అధికారం నగరానికి లేదంది. కానీ అదే తీర్పులో, కేబుల్ నెట్‌లో టెలిఫోన్ లాంటి మోత పని కూడా ఉందని రాసింది. అంటే ఓడిపోయినవాళ్ళకి ఒక ఆయుధం దొరికిందన్నమాట.

ఈ మధ్యలో ఇంకో తమాషా జరిగింది. అప్పట్లో ఏఓఎల్ అనే నెట్ కంపెనీ చాలా పెద్దది, కానీ సొంతంగా కేబుల్ లేదు. అందుకని "తీగలు అందరికీ తెరవండి" అని గట్టిగా అడిగినవాళ్ళలో అదీ ఒకటి. 2000 జనవరిలో ఏమైంది? టైమ్ వార్నర్‌ని కలుపుకుంటున్నామని ప్రకటించింది. దాంతోపాటు బోలెడంత కేబుల్ చేతికొస్తుంది. అప్పట్నుంచి చట్టం ఎందుకు, మేమే ఇష్టపూర్వకంగా తెరుస్తాం లెండి అనే ధోరణిలో పడింది. కోడలుగా ఉన్నప్పుడు ఒక మాట, అత్త అయ్యాక ఒక మాట! ప్రభుత్వం మాత్రం ఊరుకోలేదు. 2000 డిసెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కలయికకి షరతు పెట్టింది. టైమ్ వార్నర్ పెద్ద కేబుల్ ప్రాంతాల్లో ముందు ఎర్త్‌లింక్ అనే పోటీ కంపెనీకి చోటిచ్చాకే ఏఓఎల్ నెట్ అమ్మాలి, తర్వాత ఇంకో రెండు బయటి కంపెనీలకీ చోటివ్వాలి అంది. చూశారా, తెరవమంటే తెరవడం కుదురుతుంది. తీగేమీ తెగిపోలేదు.

ఒక్కడి మీదే ఆధారపడితే ఏమవుతుందో 2001 డిసెంబరులో అమెరికా చూసింది. ఏటీ అండ్ టీ కేబుల్ ఇళ్ళకి నెట్ ఇచ్చేది ఎక్సైట్ ఎట్ హోమ్ అనే కంపెనీ. అది దివాళా తీసింది. బేరం కుదరక ఒకరోజు సరఫరా ఆపేసింది. ఎనిమిది లక్షలకి పైగా చందాదారులకి ఉన్నట్టుండి నెట్ పోయింది! కంపెనీ వాళ్ళు కొద్దిరోజుల్లో తమ సొంత ఏర్పాటు మీదికి మార్చారనుకోండి. కానీ ఆ తీగలో ఇంకో నలుగురు ఉండుంటే, వంటవాడు పారిపోయినా పెళ్ళివారు పస్తుండేవారు కాదు కదా!

ఇక అసలు ఘట్టానికొద్దాం. 2002 మార్చిలో అక్కడి సమాచార రంగాన్ని చూసే ఎఫ్‌సీసీ కమిషన్ ఒక నిర్ణయం చెప్పింది. కేబుల్ నెట్ అనేది మోత పని కాదు, మొత్తం కలిపి ఒక సమాచార సేవ, కాబట్టి టెలిఫోన్ రూళ్ళు దీనికి వర్తించవు అంది. కాలిఫోర్నియాలో బ్రాండ్ ఎక్స్ అనే చిన్న నెట్ కంపెనీ, మరికొందరు దీన్ని ఎదిరించారు. అప్పీలు కోర్టులో గెలిచారు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2005 జూన్ 27న తీర్పు వచ్చింది. ఆరుగురు జడ్జీలు కమిషన్ వైపు, ముగ్గురు ఎదురు. చిన్నవాళ్ళు ఓడిపోయారు.

జడ్జీల వాదన వింటే మనం వంటింట్లో మాట్లాడుకున్నట్టే ఉంది! మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ థామస్ కారు పోలిక తెచ్చారు. కారు అమ్మేవాడు కారే అమ్ముతాడు గానీ ఇంజను వేరుగా, చట్రం వేరుగా అమ్ముతున్నానని అనడు కదా అని. చట్టంలో మాట రెండు విధాలుగా అర్థమయ్యేటట్టుంది, కమిషన్ చెప్పిన అర్థం సమంజసమే, కాబట్టి మేం కాదనం అన్నారు. ఎదురు రాసిన జస్టిస్ స్కాలియా పిజ్జా పోలిక తెచ్చారు. పిజ్జా షాపుకి ఫోన్ చేసి "ఇంటికి తెచ్చిస్తారా?" అంటే, "మేం తెచ్చిచ్చే పని చెయ్యం. పిజ్జా చేసి మీ ఇంటికి పట్టుకొస్తాం, అంతే" అన్నట్టుంది ఈ వాదన అన్నారు. పట్టుకొస్తున్నావుగా బాబూ! చెయ్యడం ఒక పని, తేవడం ఇంకో పని. నా మటుకు నాకు ఈ పిజ్జా జడ్జిగారి మాటే సబబుగా తోచింది. మనింటికి పాలవాడు వస్తే పాల ధర ఒకటి, ఇంటికి వేసినందుకు పైన ఇంకొంత అని విడిగా లెక్క కడతాం కదూ.

ఆ తీర్పు వచ్చిన రెండు నెలలకే, 2005 ఆగస్టులో, టెలిఫోన్ కంపెనీలకి కూడా ఇదే సడలింపు ఇచ్చారు. అటు కేబుల్ గుమ్మం, ఇటు టెలిఫోన్ గుమ్మం రెండూ మూసుకున్నాక చిన్నవాళ్ళు ఎక్కడ అమ్ముకుంటారు? ఒక్కొక్కరే మూసేసుకున్నారు, లేదా పెద్దవాళ్ళలో కలిసిపోయారు. తర్వాత 2015లో కమిషన్ మనసు మార్చుకుని ఇది మోత పనే అంది, 2017లో కాదంది, 2024లో మళ్ళీ అవునంది, 2025 జనవరిలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. పేరు ఇన్నిసార్లు మారింది గానీ, అవునన్న రెండుసార్లు కూడా "తీగ పంచుకోండి" అని మాత్రం అనలేదు. మా చెల్లెలి బిల్లు వెనకాల ఇంత చరిత్ర ఉందన్నమాట.

కెనడా వేరే దారి పట్టింది. అక్కడి సీఆర్‌టీసీ కమిషన్ 1999లోనే కేబుల్ కంపెనీలు చిన్నవాళ్ళకి తీగ ఇవ్వాలని పట్టుబట్టింది. ఆ ఏర్పాటు పూర్తయ్యేదాకా తమ చిల్లర ధర మీద 25 శాతం తగ్గించి చిన్నవాళ్ళకి అమ్మాలంది. మా తమ్ముడు నెట్ తీసుకున్నది ఆ తెరిచిన గుమ్మంలోంచే.

అయితే అక్కడ మాత్రం అంతా పూలబాట అనుకోకండి. గుమ్మం తెరిచినా, గుమ్మం దగ్గర వసూలు చేసే అద్దె ఎంత అనేదే అసలు పేచీ. 2019 ఆగస్టులో కమిషన్ ఆ అద్దె బాగా తగ్గించింది. పెద్ద కంపెనీలు కోర్టులకీ ప్రభుత్వానికీ మొర పెట్టుకున్నాయి. 2021 మేలో కమిషన్ వెనక్కి తగ్గి, దాదాపు పాత రేట్లే ఖాయం చేసింది. తర్వాత ఏడాది ఈబాక్స్, డిస్ట్రిబ్యూటెల్, వీమీడియా అనే చిన్న కంపెనీలని పెద్దవాళ్ళే కొనేశారు. వంటవాళ్ళని రానిస్తాం, కానీ వంటగది అద్దె పెళ్ళి ఖర్చంత అంటే ఎవరు వస్తారు చెప్పండి?

మరి తీగ వేసినవాళ్ళ మాట కూడా వినాలి కదా. వాళ్ళంటారు, "అప్పులు చేసి, రోడ్లు తవ్వించి తీగ వేసింది మేం. చేతులు కడుక్కుని వచ్చి లాభం తినేది ఇంకొకళ్ళా? ఇలాగయితే రేపు కొత్త తీగ ఎవరు వేస్తారు?" అని. ఈ మాటలోనూ పస ఉంది. మన స్థలంలో మనం బావి తవ్వుకుంటే ఊరంతా వచ్చి ఉచితంగా తోడుకుపోతామంటే ఎవరికయినా మంటే. కానీ ఇక్కడ ఎవరూ ఉచితంగా అడగడం లేదు, న్యాయమైన అద్దె ఇస్తామంటున్నారు. పైగా ఆ తీగ వెళ్ళేది వాళ్ళ పెరట్లోంచి కాదు, అందరి వీధుల్లోంచి. అమెరికా పెద్దలు పంచుకోవడం కంటే ఇంకొకడు ఇంకో తీగ వేస్తే అదే పోటీ అనుకున్నారు. రెండో తీగ వచ్చిన వీధుల్లో జనానికి మేలే జరుగుతుంది. రాని వీధిలో మా చెల్లెలుంది, అదీ సంగతి!

మన దగ్గర సంగతేమిటంటారా? మనవాళ్ళు చాలావరకు రెండో దారే పట్టారు, ఎవరి తీగ వాళ్ళే వేసుకుంటారు. హైదరాబాదులో ఏ కరెంటు స్తంభమైనా చూడండి, పక్షిగూళ్ళలా తీగల చుట్టలు! ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ఫైబర్‌నెట్ పేరుతో కరెంటు స్తంభాల మీదుగా పెద్ద తీగ లాగించి, అక్కణ్ణుంచి ఇళ్ళకి కనెక్షన్లు స్థానిక కేబుల్ వాళ్ళ ద్వారా ఇప్పించింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్‌గారు దాన్ని ప్రారంభించారు. మొదట్లో నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ అన్నారు.

స్తంభం మీద పదిమంది ఉన్నా, మన గడప దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కడే మిగులుతాడు. ఎందుకో మా అపార్ట్‌మెంట్లోనే చూశాను. ఆ మధ్య ఒక కంపెనీ మనిషి కమిటీ దగ్గరికొచ్చాడు. "బిల్డింగులోకి మా తీగ ఒక్కటే రానివ్వండి. లిఫ్టు కెమెరాకీ, వాచ్‌మన్ గదికీ నెట్ ఉచితం" అన్నాడు. మగవాళ్ళంతా బాగుంది బాగుంది అన్నారు. అప్పటికే ఈ కథంతా విని ఉన్నాను కనుక నేను లేచి, "నలభై ఇళ్ళవాళ్ళం మన చేతులు కట్టేసుకుని, వాచ్‌మన్ గదికి ఉచితం తెచ్చుకుంటామా? రేపు రేటు పెంచితే ఎవరితో చెప్పుకుంటారు?" అన్నాను. సెక్రటరీగారు, "మీకివన్నీ ఎందుకమ్మా?" అన్నారు. "బిల్లు కట్టకపోతే ముందు నా వంటింట్లోనే కదండీ వెలితి!" అన్నాను. మూడో అంతస్తు పెద్దావిడ నాతో గొంతు కలిపారు. ఆవిడ కొడుకు దుబాయిలో. రోజూ రాత్రి మనవడి మొహం చూస్తే గానీ ఆవిడకి నిద్ర పట్టదు.

చివరికి ఆ కంపెనీని రానిచ్చాం, కానీ "ఒక్కటే" అన్న మాట కొట్టేయించాం. గోడలోంచి తీగలు పోయే గొట్టం అందరిదీ అని రాయించాం. ఇప్పుడు మా బిల్డింగులో ముగ్గురున్నారు. ఉచిత కెమెరా పోయింది, దాని ఖర్చు ఇంటికి కొంచెం పడింది. కానీ ఒకరోజు నెట్ పోతే సాయంత్రానికల్లా మనిషి వస్తున్నాడు, పక్కవాడు కాచుకుని ఉన్నాడని వాడికి తెలుసు కనుక! అన్నట్టు, అమెరికాలో కూడా 2007లో కేబుల్ టీవీ వాళ్ళు అపార్ట్‌మెంట్లతో ఇలాంటి "మేమొక్కళ్ళమే" ఒప్పందాలు చేసుకోకూడదని ఎఫ్‌సీసీ చెప్పింది.

మీరు కొత్త కనెక్షన్ తీసుకునే ముందు ఈ నాలుగూ అడగండి. ఒకటి, ఆఫరు ధర ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత? రెండు, మధ్యలో మానేస్తే ఏమైనా కట్టాలా? మూడు, ఆ పెట్టె మనదా, వాళ్ళదా? డిపాజిట్ వెనక్కిస్తారా? నాలుగు, మన బిల్డింగులోకి ఇంకొకళ్ళు రావచ్చా? ఈ నాలుగోదే అందరూ మర్చిపోయేది. మొదటి మూడింటికీ మంచి జవాబు రావాలంటే నాలుగోది "రావచ్చు" అని ఉండాలి.

ఆవకాయ ఏమయిందో చెప్పలేదు కదూ? మూడోనాడు తిరగగలిపి రుచి చూసిందిట. "అచ్చం అమ్మ పెట్టినట్టే ఉందక్కా" అని ఫోన్ చేసింది. ఈసారి వీడియో కాదు, ఉత్త మాటే. నెట్ మళ్ళీ నెమ్మదిగా ఉందిట. ఉప్పు పావు గిన్నె తక్కువయితే మనం సరిచెయ్యగలిగాం. తెరవని గుమ్మాన్ని అది ఒక్కతీ ఏం సరిచేస్తుంది? మన గుమ్మమైనా మూసుకోకుండా మనం చూసుకుందాం.

మీ బిల్డింగులో, మీ వీధిలో ఎలా ఉందో నాకు రాయండి. వచ్చే వారం కలుద్దాం.